గ్రామసభ అర్జీ: మా పంచాయతీకి నెట్ కావాలని రాస్తున్నాం, ఏమేం అడగాలి?

#1 ఘాట్‌రోడ్ టీచర్ | 14 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొయ్యూరు వైపు ఒక పల్లెలో టీచర్ని. అక్టోబర్ 2న గ్రామసభ ఉంది. అందులో నెట్ గురించి అర్జీ పెడదామని ఊరివాళ్ళు అనుకున్నారు, రాసే పని నా మీద పడింది.

మా సంగతి ఇదీ. పంచాయతీ ఆఫీసులో బీరువా పక్కన గోడకి ఒక తెల్ల పెట్టె ఉంది. ఏదో పథకం కింద మూడేళ్ళ క్రితం వచ్చి బిగించారు. డాబా మీద సోలార్ పలక, కింద బ్యాటరీ. బిగించిన రోజు ఫొటో తీసుకున్నారు. ఓ వారం నెట్ వచ్చింది. ఇప్పుడు బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది, పెట్టె మీద ఒక ఎర్ర లైటు ఆడుతూ ఉంటుంది. చూడలేక ఎవరో దానికి కేలండర్ తగిలించారు.

సెల్ సిగ్నల్ కావాలంటే చింతచెట్టు దాటి గట్టెక్కాలి. నెల మొదట్లో రేషన్ డిపో సేల్స్‌మన్ వేలిముద్రల మిషన్ పట్టుకుని ఆ గట్టు మీదికే వస్తాడు. జనం అక్కడే వరస కడతారు. వేలిముద్ర పడ్డాక మళ్ళీ కిందికి దిగి బియ్యం తూయించుకోవాలి. ఉపాధి హామీ పనుల్లో హాజరు చూసే మేట్ పిల్ల రోజుకి రెండుసార్లు పనిచోట ఫొటోలు తీసి, సాయంత్రం అదే గట్టెక్కి పంపుతుంది. ఏ రోజైనా వెళ్ళకపోతే ఆ రోజు మస్టర్ గోవిందా.

అర్జీలో "మాకు బ్రాడ్‌బ్యాండ్ ఇప్పించండి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందా, ఇంకేమైనా ఉండాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 స్ప్లైసింగ్ శీను | 14 సెప్టెంబర్, రాత్రి 10:25

మేడమ్, ఆ ఒక్క ముక్క రాశారంటే దెబ్బతిన్నట్టే. "ఇప్పటికే ఇచ్చేశాం" అని జవాబు వస్తుంది. వాళ్ళ కాగితాల్లో మీ ఊరికి నెట్ ఉంది. పెట్టె ఉంది కదా!

పల్నాడులో పన్నెండేళ్ళుగా ఫైబర్ జాయింట్లు వేస్తున్నాను. మీరు చెప్పే ఎర్ర లైటు పేరు లాస్ లైటు. అవతలి నుంచి వెలుతురు రాకపోతే అది ఆడుతుంది. మీ దగ్గర పెట్టె బాగానే ఉంది, దారిలో ఎక్కడో కేబుల్ తెగింది.

ఫైబర్ లాగడం పెద్ద విషయం కాదండీ, దాన్ని బతికించడమే కష్టం. మా వైపు స్తంభాల మీద వేలాడే కేబుల్. వరిగడ్డి ట్రాక్టర్ ఎత్తుగా లోడేసుకుని పోతే లాక్కుపోతుంది. భూమిలో వేస్తే రోడ్డు వెడల్పు చేసే జేసీబీ పీకేస్తుంది. కోతులు ఊగుతాయి. ఒక్క కోర్, అంటే లోపలి గాజు పోగు, అతికించడం ఐదు నిమిషాల పని. కానీ తెగిన చోటు వెతకాలి, మిషన్ మోసుకెళ్ళాలి, స్తంభం ఎక్కాలి. దానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. టెండర్లో లాగడానికి డబ్బులుంటాయి, బాగుచేయడానికి ఉండవు. ఉన్నా మా దాకా రావు.

కాబట్టి మీ అర్జీలో మొదటి లైను: "తెగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్ళు రాకపోతే ఎవర్ని అడగాలి?"

#3 సందేహాలరావు | 15 సెప్టెంబర్, ఉదయం 7:02

అందరూ తిడతారని తెలిసే రాస్తున్నాను. ఈ రోజుల్లో ఊరూరా వైరు లాగడం దేనికండీ? ఒక టవర్ వేస్తే పోయేదానికి పన్నుల డబ్బు గోతుల్లో పూడ్చుతున్నారు. స్టార్‌లింక్‌కి మొన్న జూన్‌లో లైసెన్స్ కూడా ఇచ్చారు. ఆకాశంలోంచి నెట్ వస్తుంటే ఇంకా ఈ స్తంభాలు, కోతులు ఏంటి?

#4 నల్లకోటు | 15 సెప్టెంబర్, ఉదయం 11:48

రావుగారూ, ఆ డబ్బు మీరనుకునే పన్నుల్లోంచి రాదు. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాలి. పాత పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్, 2023 టెలికాం చట్టం వచ్చాక డిజిటల్ భారత్ నిధి. అంటే హైదరాబాద్‌లో నేను చేయించుకునే రీఛార్జిలోంచే టీచర్ గారి ఊరికి వాటా వెళ్తోంది. లాభం రాని చోటికి కంపెనీ తనంతట తాను వెళ్ళదు కాబట్టే ఆ ఏర్పాటు. వాళ్ళు అడుగుతున్నది తమ వాటా.

ఇక పెట్టె సంగతి. టీచర్ గారిది ఏ పథకమో నాకు తెలియదు, దేశం మొత్తం కథ చెప్తాను. 2011 అక్టోబర్‌లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. లక్ష్యం రెండున్నర లక్షల పంచాయతీలు. 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. రెండు లక్షలకి పైగా పంచాయతీలు "సేవలకు సిద్ధం" అని లెక్కలో ఉన్నాయి. ఆ "సిద్ధం" అన్న మాట దగ్గర ఆగి చదువుకోండి. వంట సిద్ధం అంటే భోజనం అయిపోయినట్టు కాదు కదా.

2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు మంజూరు చేశారు. అందులో రెండు మార్పులు శీను గారికి నచ్చుతాయి. ఒకటి, మండలం నుంచి పంచాయతీలకి చెట్టు కొమ్మల్లా కాకుండా రింగు కట్టడం. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. రెండు, పదేళ్ళ నిర్వహణ కూడా అదే లెక్కలో కలపడం.

#5 స్ప్లైసింగ్ శీను | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15

రింగు మంచిదే సార్. కాకపోతే రెండు వైపుల కేబులూ ఒకే స్తంభాల మీద వేస్తే ఒకే ట్రాక్టర్ రెండూ పీకుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను 😀

టవర్ వేస్తే పోయేది అన్న రావుగారికి: ఆ టవర్‌కి నెట్ ఎక్కడి నుంచి వస్తుంది? కొండల్లో మైక్రోవేవ్ డిష్‌తో లాక్కొస్తారు, పదిమంది వీడియో పెడితే అయిపోయింది. బాగా నడిచే టవర్ కింద ఫైబర్ ఉంటుంది.

#6 ఓరుగల్లు పిల్ల | 15 సెప్టెంబర్, రాత్రి 8:30

మా తెలంగాణలో తెలివైన పనే చేశారు, భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేసుకుంటూ పోయారు. తవ్వుడు ఖర్చే పెద్దది కాబట్టి ఒక తవ్వకంలో రెండు పనులు. కానీ మా ఊళ్ళో నీళ్ళు వచ్చి ఏళ్ళయింది, ఇంటికి ఆ లైను మాత్రం ఇంకా రాలేదు. గొట్టం భూమిలో నిద్రపోతోంది. లాక్‌డౌన్‌లో మా తమ్ముడు పదో తరగతి. బావి దగ్గర వేపచెట్టు కింద కూర్చుని క్లాసులు విన్నాడు, ఫోన్ వేడెక్కితే తడిగుడ్డ చుట్టేవాడు.

ఆంధ్రాలో ఇళ్ళకి ముందే ఇచ్చారు కదా?

#7 ఎదుర్లంక రేవు | 15 సెప్టెంబర్, రాత్రి 9:12

అవును, మొదలైంది మా గోదావరి జిల్లాలోనే. మోరి గ్రామంలో 2016 చివర్లో ఇంటింటికీ ఇచ్చి చూశారు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టే అంత తొందరగా అయింది. నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అంటే అప్పట్లో ఎవరూ నమ్మలేదు.

నేను చెప్పాలనుకున్నది వేరే. లైను ఉండి, లైటు పచ్చగా వెలుగుతూ, అయినా నెట్ లేని రోజులు మేం చూశాం. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి, జిల్లా పేరు విషయంలో. ఆ వెంటనే కోనసీమలో నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు. నాది వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం. మొదటి రోజు సెలవు పెట్టాను. రెండోరోజు మేనేజర్, "ఇంకో కారణం చెప్పు" అన్నాడు. మూడోరోజు నుంచి బండి మీద వంతెన దాటి యానాం వెళ్ళాను. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ సిగ్నల్ ఉంది.

వంతెన దిగగానే గోదారి గట్టున మా లాంటివాళ్ళే వరసగా. పెట్రోల్ ట్యాంక్ మీద లాప్‌టాప్, తల మీద తువ్వాలు. కళ్ళజోడు మీద ఎండ పడి స్క్రీన్ కనపడక ఒకాయన గొడుగు తెచ్చుకున్నాడు. టీ కొట్టాయన ప్లగ్ పాయింట్‌కి గంటకి ఇరవై తీసుకున్నాడు, తప్పేం లేదు. మాకు బండి ఉంది, వెళ్ళాం. ఫోన్‌పే స్కానర్ ఒక్కటే పెట్టుకున్న కొబ్బరిబొండాల ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? ఆ రోజుల్లో జేబులో డబ్బున్నవాడే బొండం తాగాడు.

అర్జీలో ఇది కూడా ఉండాలంటాను. నెట్ ఆపితే ఎందుకు ఆపారో, ఎన్నాళ్ళో రాసి అంటించాలి.

#8 నల్లకోటు | 16 సెప్టెంబర్, ఉదయం 10:05

రాసి అందరికీ తెలిసేలా పెట్టాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అనురాధా భాసిన్ కేసు, 2020 జనవరి 10, కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద. నెట్ ద్వారా మాట్లాడే హక్కు, వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణ రక్షణలో ఉన్నాయని, గడువు లేకుండా ఆపడం కుదరదని, ఉత్తర్వులు ప్రచురించాలని తీర్పు. అదే ఏడాది నవంబర్‌లో ఒక ఉత్తర్వు 15 రోజులకి మించి నడవకూడదని రూల్ చేర్చారు. రూల్ ఉన్నా, ఉత్తర్వు ఏ వెబ్‌సైట్లో పెట్టారో వెతుక్కోవడానికి కూడా నెట్ కావాలి. అదొక తమాషా.

అంతకు ముందే 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఫహీమా షిరిన్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. కోజికోడ్ వైపు ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మాయిలు ఫోన్ వాడకూడదన్నారు. ఒకమ్మాయి ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని కోర్టు ఆమె వైపు నిలబడింది. టీచర్ గారూ, ఈ కేసు పేరు అర్జీలో రాయండి. తహశీల్దారు గారు చదవకపోయినా పక్కనున్న క్లర్క్ చదువుతాడు.

#9 సందేహాలరావు | 16 సెప్టెంబర్, రాత్రి 7:50

శీను గారి టవర్ మాట ఒప్పుకుంటాను. కానీ ఇంకో పుల్ల వేస్తాను. 2015లో ఫేస్‌బుక్ వాళ్ళు పేదలకి ఉచితంగా నెట్ ఇస్తామంటే ఏ సైటుకైనా ఒకే తీరు ఉండాలనే "నెట్ న్యూట్రాలిటీ" పేరుతో గోల చేసి ఆపించింది ఎవరు? పట్నంలో వైఫై ఉన్నవాళ్ళే. ఆకలేసినవాడికి పచ్చడి మెతుకులు పెడతానంటే, "విస్తరి భోజనం పెట్టకపోతే అదీ వద్దు" అన్నట్టుంది. గట్టెక్కే ఆ మేట్ పిల్లని అడిగారా?

#10 ఎదుర్లంక రేవు | 16 సెప్టెంబర్, రాత్రి 8:41

ఆ గోల చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్. 2015 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మెయిల్ కొట్టాను, పది లక్షలకి పైగా వెళ్ళాయి. హాస్టల్లో వైఫై లేదు, నైట్ ప్యాక్ వేసుకుని పంపాను.

అంతకు ముందు 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కి వేరే ప్యాక్ అంది, జనం తిట్టాక వెనక్కి తీసుకుంది. అంటే డేటా ఒకసారి కొన్నాక దాంతో ఏం చేస్తున్నావో చూసి మళ్ళీ డబ్బు అడగడం. కరెంటు బిల్లు కట్టాక, మిక్సీకి ఒక రేటు, ఫ్యాన్‌కి ఒక రేటు అంటే ఊరుకుంటామా?

ఇక ఫేస్‌బుక్ వాళ్ళ ఉచితం సంగతి. ఫిబ్రవరి 2015లో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. మా రూమ్మేట్ సిమ్‌లో చూశాం. ముప్పై పైచిలుకు సైట్లు, అంతే. యూట్యూబ్ లేదు. మా కాలేజీ సైటు లేదు, హాల్‌టికెట్ రాదు. ఏది ఉండాలో ఏది ఉండకూడదో ఒక్క కంపెనీ చెబుతుంది. అది పచ్చడి మెతుకులు కాదు రావుగారూ, ఒక్క కొట్టులోనే సరుకులు తీసుకోవాలన్న చీటీ.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది. సైటును బట్టి రేటు మార్చకూడదు, మారిస్తే రోజుకి 50 వేల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. 2018 జులైలో టెలికాం శాఖ కూడా ఒప్పుకుంది, తర్వాత లైసెన్సుల్లో చేర్చింది.

#11 ఓరుగల్లు పిల్ల | 16 సెప్టెంబర్, రాత్రి 10:20

రేవు అన్నా, నీ మాటే నా మాట, కానీ ఒక ముల్లు ఉంది. నేను తెలుగు వికీపీడియాలో రాస్తాను. 2013లో ఎయిర్‌సెల్‌లో వికీపీడియా డేటా ఖర్చు లేకుండా వచ్చేది. లాభం కోసం కాదు, జ్ఞానం కోసం. మీ రూలు దాన్నీ ఒకే గాటన కట్టింది. మొదట్లో నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజుల్లో మిరప తెగుళ్ళ గురించి ఒక రైతు రాసుకునే తెలుగు బ్లాగుంది, మా నాన్న చదివేవాడు. వికీపీడియా ఉచితమైతే ఆ బ్లాగుకి మాత్రం ఎందుకు డబ్బు కట్టాలి? దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు, అది వేరే విషయం.

#12 సందేహాలరావు | 17 సెప్టెంబర్, ఉదయం 6:55

రూలు వల్ల కాదమ్మా, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి రేట్లు పడగొట్టడం వల్ల జనానికి నెట్ వచ్చింది. పోటీయే అసలు మందు. ఇప్పుడు ఆ పోటీ తగ్గింది కాబట్టే 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి. నేను అర్జీ రాస్తే పోటీ గురించి రాస్తాను.

#13 స్ప్లైసింగ్ శీను | 17 సెప్టెంబర్, ఉదయం 9:30

ఇదిగో, ఇక్కడ రావుగారికి దండం పెడతాను. ప్రభుత్వ డబ్బుతో లాగిన లైను మీద నెట్ అమ్మేవాడు ఒక్కడే ఉంటే వాడిదే రాజ్యం. ఫోన్ ఎత్తడు. లైను ఒకటే అయినా అమ్మేవాళ్ళు నలుగురుండాలి. పీఎం వాణి అని 2020 డిసెంబర్‌లో తెచ్చారు, కిరాణా కొట్టాయన కూడా వైఫై పెట్టి అమ్ముకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. చింతచెట్టు దగ్గర కొట్టు ఏదైనా ఉందా మేడమ్?

#14 డాలస్ బాబాయి | 17 సెప్టెంబర్, రాత్రి 11:58

ఇక్కడ అంతా బాగుంటుందని అనుకోకండి. 2015లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నెట్ న్యూట్రాలిటీ రూలు పెట్టింది, 2017లో తీసేసింది, 2024లో మళ్ళీ పెట్టింది, ఈ ఏడాది జనవరి 2న సిన్సినాటిలోని ఆరో సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. అధ్యక్షుడు మారినప్పుడల్లా నెట్ రూలు మారుతుంది. ఈ ఒక్క విషయంలో ఇండియా నయం.

పేదవాళ్ళకి నెలకి 30 డాలర్ల సాయం ఉండేది, 2.3 కోట్ల ఇళ్ళు వాడుకున్నాయి. డబ్బు అయిపోయి 2024 జూన్ 1కి ఆగిపోయింది. మా పక్కింటి ముసలావిడ ఆ నెలే నెట్ తీయించేసింది. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఇప్పుడు నా దగ్గరకి వస్తుంది.

టెనెసీలో చట్టనూగా అనే ఊళ్ళో మాత్రం ఊరి కరెంటు బోర్డే 2010లో ఊరంతా గిగాబిట్ ఫైబర్ ఇచ్చింది. మన స్తంభాల ఐడియా లాంటిదే. పక్క ఊళ్ళకీ ఇస్తామంటే రాష్ట్ర చట్టం అడ్డుపడింది. లాబీయింగ్ గురించి చెప్పడం మొదలెడితే తెల్లారుతుంది.

#15 మోడరేటర్ | 18 సెప్టెంబర్, ఉదయం 8:00

ఫైబర్‌నెట్ ఏ పార్టీ ఘనత, ఎవరు పాడుచేశారు అంటూ వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. దానికి వేరే చోటుంది. ఇక్కడ టీచర్ గారి అర్జీ మాత్రమే.

#16 ఘాట్‌రోడ్ టీచర్ | 21 సెప్టెంబర్, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి, వానలు. గట్టెక్కితే జలగలు. మీరు చెప్పినవన్నీ కూర్చి రాశాను:

"మా పంచాయతీకి ఇచ్చిన నెట్ లైను పనిచేయడం లేదు. తెగిన లైనును 3 రోజుల్లో బాగుచేయాలి, బాధ్యుల పేరు, ఫోన్ నంబరు ఆఫీసు గోడ మీద రాయాలి. బడి, అంగన్‌వాడీ, రేషన్ డిపోలకి ఆ లైను నుంచి కనెక్షన్ ఇవ్వాలి. ఆ లైను మీద ఒకరికి మించి నెట్ అమ్ముకునే వీలుండాలి, కొట్టువాళ్ళతో సహా. ఏ సైటునూ ఆపకుండా, నెమ్మది చేయకుండా మొత్తం నెట్ రావాలి. ఎప్పుడైనా నెట్ ఆపితే కారణం, గడువు రాసి నోటీసు బోర్డులో పెట్టాలి."

రావుగారూ, మేట్ పిల్లని అడిగాను. ముప్పై సైట్లు ఉచితంగా ఇస్తే చాలా అంటే, "అందులో మస్టర్ యాప్ ఉంటుందా?" అంది.

#17 సందేహాలరావు | 21 సెప్టెంబర్, రాత్రి 9:40

ఉండదు. ఒప్పుకున్నాను. 3 రోజులు అనకండి, 7 అనండి. 3 అంటే కుదరదని మొత్తం పక్కన పెడతారు.

#18 ఘాట్‌రోడ్ టీచర్ | 4 అక్టోబర్, సాయంత్రం 6:20

సభ అయింది. సెక్రటరీ గారికి మూడు పంచాయతీల ఇన్‌ఛార్జి, గంట ఆలస్యంగా వచ్చారు. తీర్మానాల పుస్తకంలో రెండు ఎక్కాయి: 7 రోజుల్లో రిపేరు, బడి-డిపోలకి కనెక్షన్. పోటీ విషయం "మన పరిధి కాదు" అన్నారు, ఎంపీడీఓ గారికి విడిగా పంపమన్నారు. నెట్ ఆపితే నోటీసు పెట్టాలన్న లైను చదవగానే వెనక నుంచి ఒకాయన, "ముందు రానివ్వండి టీచరమ్మా, ఆపే సంగతి తర్వాత" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది కొట్టేశారు. రేవు గారూ, ఏమీ అనుకోకండి.

నర్సీపట్నం నుంచి కేబుల్ కుర్రాడు ఒకడు వేరే పని మీద వచ్చాడు. కేలండర్ తీయించి, వైరు పీకి వెలుతురు కొలిచే మీటర్ పెట్టించాను. మైనస్ 31 చూపించింది. దానర్థం ఏంటి?

#19 ఎదుర్లంక రేవు | 4 అక్టోబర్, రాత్రి 7:05

అనుకోవడానికేముందండీ. మాకూ ఆగేదాకా ఆ లైను అవసరమని తెలియదు.

#20 స్ప్లైసింగ్ శీను | 4 అక్టోబర్, రాత్రి 8:50

మేడమ్, నేను మొదట చెప్పింది తప్పు. తెగలేదు! తెగితే మీటర్ ఏమీ చూపించదు. మైనస్ 20 దగ్గరుంటే హాయిగా నడుస్తుంది, 27 దాటితే పెట్టె పట్టుకోలేదు. మీకు వెలుతురు వస్తోంది, నీరసంగా వస్తోంది. ఎక్కడో జాయింట్ బాక్స్‌లో నీళ్ళు చేరాయి, లేకపోతే కేబుల్ మడత పడింది. ఘాట్‌లో ఆఖరి జాయింట్ ఎక్కడుందో ఆ కుర్రాడికి తెలుసా? నల్ల డబ్బా, అరచేయంత వెడల్పు, స్తంభానికి చుట్టిన కేబుల్ పక్కన ఉంటుంది. చేత్తో ముట్టుకోకండి, ఫొటో తీసి పెట్టండి.

#21 ఘాట్‌రోడ్ టీచర్ | 5 అక్టోబర్, ఉదయం 7:30

రెండో మలుపు దగ్గర ఉందట. ఆదివారమే కదా, మేట్ పిల్లని తీసుకుని బయల్దేరుతున్నాను. ఫొటో సాయంత్రం గట్టెక్కాక పెడతాను.